నోటి కేన్సర్‌కు కొద్దిపాటి మందు చాలునా?

ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను అడ్డపొగ తాగే ఆడవారు ఇంకా ఉన్నారు. ఖైనీ, గుట్కా నమిలే కుర్రకారు సంగతి సరేసరి. వీరిలో నోటి కేన్సర్ ముదిరాకే ఆస్పత్రికి చేరేవారు ఎందరో. అలాంటి వారికి ఇచ్చే కొత్తరకం మందుల్లో నివోలుమాబ్ ఒకటి.

ఇది కేన్సర్‌ను నేరుగా చంపదు. ఒంట్లోని రక్షక కణాలకు ఒక కళ్లెం ఉంటుంది. కేన్సర్ కణం ఆ కళ్లెం పట్టి వాటిని ఆపేస్తుంది. మందు ఆ పట్టు విడిపిస్తుంది. ఖర్చు మాత్రం లక్షల మాట. చిన్న రైతు ఉన్న ఎకరం అమ్మకానికి పెట్టాల్సిందే.

ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2022లో ప్రకటించిన ఫలితం ఇక్కడే ఆలోచింపజేస్తోంది. మామూలు మోతాదు రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు. వారు మూడు వారాలకు 20 మాత్రమే ఇచ్చారు, తక్కువ ఖరీదు మాత్రలతో కలిపి. తల, మెడ కేన్సర్ ముదిరిన 151 మందిపై పరీక్ష జరిగింది. వట్టి మాత్రలు వాడినవారిలో ఏడాదికి నూటికి 16 మంది మిగిలారు. ఇంజక్షను కూడా పడినవారిలో 43 మంది. నయమైపోతుందని కాదు, సగానికి పైగా ఏడాదిలోపే పోయారు. పైగా ఆ పరీక్షలో పూర్తి మోతాదుతో పోల్చి చూడలేదు. అది లోటే.

ఆ లోటు తీర్చేదెవరు? మోతాదు తగ్గితే అమ్మకం తగ్గుతుంది కనుక కంపెనీలు పూనుకుంటాయనుకోవడం అత్యాశ. ప్రభుత్వ సొమ్ముతోనే జరగాలి. ఈలోగా పొలం బేరం పెట్టేముందు, తక్కువ మోతాదు తమ రోగికి పనికొస్తుందా అని ఇంటివారు డాక్టరును అడగవచ్చు. అన్ని కేన్సర్లకూ ఇది వర్తించదు.