కార్డు వచ్చింది, పార్సెలు రాలేదు

తెలుగు పంతులుకు కంప్యూటరుతో పనేమిటని మీరు అడగవచ్చు. మా ఆవిడ రోజూ అడుగుతూనే వుంటుంది. పని పడింది, ఏం చేయను? పదేళ్ళుగా మా విద్యార్థులు కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో తిరిగి ముసలివాళ్ళ మాటలూ, విసుర్రాతి పాటలూ రికార్డు చేసుకొచ్చారు. మాటలకు అర్థాలు రాసిన పట్టిక కర్నూలులో మా కాలేజీ యంత్రంలో వుంది. గొంతులు మాత్రం కడపలో ఒక స్నేహితుడి కాలేజీలో భద్రంగా వున్నాయి. ఎవరైనా పాట అడిగితే కర్నూలు యంత్రం దాన్ని కడప నుంచి తెప్పించి వినిపిస్తుంది.

ఆ కర్నూలు యంత్రం ఈమధ్య ఇల్లు మారింది. యంత్రమంటే ఇనుప పెట్టె కాదు సుమండీ! ఒక పెద్ద కంప్యూటరులో పది చిన్న కంప్యూటర్లు వున్నట్టు భ్రమ కల్పించే ఏర్పాటు ఒకటుంది. దాన్ని హైపర్‌వైజర్ అంటారు. ఆ భ్రమలోని కంప్యూటరు పేరు వర్చువల్ మెషీన్. మనం మాయాయంత్రం అనుకుందాం. ఇన్నాళ్ళూ మాది వీఎంవేర్ వారింట్లో అద్దెకుండేది. 2023 నవంబరులో ఆ సంస్థను బ్రాడ్‌కామ్ కొనుక్కున్నది. శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగి, చందా పద్ధతి వచ్చింది. లోకంలో మరి కొందరిలాగే మా వాళ్ళూ వియన్నా వారి ప్రాక్స్‌మాక్స్‌కు కాపురం మార్చారు.

మార్చిన రోజున నన్ను పిలిచి చూసుకోమన్నారు. నేను 'కసువు' అనే మాట కొట్టాను. అర్థం టక్కున వచ్చింది. "అంతా సవ్యంగా వుంది" అని రాసి సంతకం పెట్టాను. నెలాఖరుకు పాతదాన్ని చెరిపేస్తామన్నారు. సరేనన్నాను.

మూడు వారాల తరువాత ఒక శుక్రవారం సాయంత్రం జమ్మలమడుగు వైపు నుంచి పాత శిష్యురాలు ఫోను చేసింది.

"సార్, మా అవ్వ పోయింది. ఆదివారం దినాలు. అప్పుడు నేను రికార్డు చేసిన పాట మా అమ్మ ఒకసారి వినాలంటా వుంది. నొక్కితే చక్రం తిరుగుతా వుంది గాని పాట రాలేదు సార్."

నేనూ నొక్కాను. అవ్వ పేరు వచ్చింది, ఊరు వచ్చింది, పాట పేరూ వచ్చింది. పాట చోట మాత్రం చిన్న చక్రం తిరుగుతూనే వుంది. తప్పని చెప్పదు, ఒప్పని చెప్పదు. నా సంతకం గుర్తొచ్చి ఆ రాత్రి అన్నం సయించలేదు.

నంద్యాలలో వుండే మేనల్లుడికి కబురు పెట్టాను. వాడు ఇటువంటి యంత్రాలకు వైద్యుడు. బస్సు దిగి వచ్చి, మా వరండాలో తన లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు.

"మాయాయంత్రం లోపల మళ్ళీ కంటెయినర్లు వున్నాయి మామా" అన్నాడు.

ఆ పేరు ఓడల నుంచి వచ్చింది. 1956లో మాల్కం మెక్లీన్ అనే అమెరికా లారీల ఆసామి 58 పెట్టెలను సరుకుతో సహా ఓడకెక్కించి కొత్త దారి చూపాడు. 2013లో వచ్చిన డాకర్ అనే సాఫ్ట్‌వేరు ఆ ఉపాయాన్నే ప్రోగ్రాములకు పట్టించింది. మా పట్టిక అలాంటి పెట్టెలో వుంది. ఆ పెట్టెకు బయటి లోకంతో రాకపోకలన్నీ బ్రిడ్జి అనే లోపలి వంతెన మీదుగానే.

వాడు మొదట నెట్‌వర్కు కార్డు పేరు చూశాడు. హైపర్‌వైజర్ మారితే ఆ పేరు కూడా మారిపోవచ్చునట. లోపలి కాగితాల్లో పాత పేరే వుంటే బయటికి దారే దొరకదు. దాన్ని మార్చిన రోజే దిద్దారు. తరువాత చిరునామాలు చూశాడు. డాకర్ తన పెట్టెలకు మామూలుగా 172.17తో మొదలయ్యే నంబర్లు ఇస్తుంది. బయటి వీధికీ అవే నంబర్లు వుంటే ఉత్తరం గడప దాటకుండా ఇంట్లోనే తిరుగుతుంది. అదీ కాదు. ఆ తరువాత పింగ్ చేశాడు. పింగ్ అంటే "వున్నావా?" అని కేకవేయడం. పెట్టెలోంచి కేకవేస్తే కడప వెంటనే "వున్నాను" అన్నది.

"దారి బాగానే వుంది కదబ్బీ!" అన్నాను.

"ఉభయకుశలోపరి అని కార్డు వచ్చింది మామా. పార్సెలు కూడా వస్తుందని నమ్మకమేముంది?" అన్నాడు.

ఈసారి పెట్టె బయట, మాయాయంత్రంలోనే నిలబడి పాట అడిగాడు. క్షణంలో వచ్చింది! నాకు ప్రాణం లేచివచ్చింది. "ఇంకేం, అది ఆ అమ్మాయికి పంపించు, పడుకుందాం" అన్నాను.

పంపించాడు. కాని పడుకోలేదు. "ఒక్క అవ్వను చేతుల మీద మోశాం. తక్కిన అవ్వలను ఎవరు మోస్తారు మామా?" అన్నాడు.

కడప స్నేహితుణ్ణి నిద్రలేపి, అక్కడి నుంచి కర్నూలుకు 1500 బైట్ల మూట ఒకటి, విడదీయవద్దని చీటీ కట్టి పంపించాడు. జవాబు లేదు. 1450 బైట్ల మూట పంపిస్తే జవాబు వచ్చింది. వాడు నవ్వాడు. నాకేమీ బోధపడలేదు.

"కె.సి. కాలువ తెలుసు కదా మామా?"

కర్నూలు వాడికి కె.సి. కాలువ తెలియకపోతుందా! సుంకేశుల దగ్గర తుంగభద్ర నీళ్ళందుకుని కడప దాకా పోతుంది. 1860 దశకంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. 1882లో ప్రభుత్వం తీసుకుంది. సాగునీటికే కాక పడవలకూ తవ్విన కాలువ. అందుకే దానికి లాకులు కట్టారు.

"లాకు కంటే పెద్ద పడవ వస్తే లస్కరు ఏం చేయాల?"

"చిన్న పడవ పంపమని వెనక్కి కబురు చేయాలి."

"ఆ కబురును దారిలో ఎవరో ఆపేస్తే?"

"పంపినవాడు మళ్ళీ మళ్ళీ పెద్ద పడవనే పంపుతుంటాడు" అన్నాను. అప్పుడు తెలిసింది నాకు, చక్రం ఎందుకు తిరుగుతున్నదో.

కొత్త ఇంట్లో ప్రతి మూటనూ మరో సంచిలో పెట్టి తీసుకుపోయే వీఎక్స్‌లాన్ అనే పద్ధతి వుంది. ఆ సంచికే 50 బైట్లు పోతాయి. 1500లో మిగిలేది 1450. మాయాయంత్రానికి ఈ కొలత చెప్పారు కనుక అది ముందే కడపతో అంతకు మించి పంపవద్దంటుంది. లోపలి పెట్టెకు ఎవరూ చెప్పలేదు. అది అలవాటు ప్రకారం 1500 కొలతే చెప్పింది. కడప పెద్ద పడవలే పంపింది. అవి లాకు దగ్గర ఆగిపోయాయి. "పట్టదు" అనే కబురును నడుమ ఒక ఫైర్‌వాల్ ఆపేసింది. కేకలూ, చిన్న మాటలూ మాత్రం తుంగభద్రలో పుట్టిలాగా దాటిపోయాయి.

డాకర్ కాగితాల్లో ఎంటీయూ అన్నచోట 1450 రాశాడు. అయినా చక్రం ఆగలేదు! ఆ రాత డాకర్ మామూలు వంతెనకేనట. మా పట్టికకు విడిగా కట్టిన వంతెన వుంది. దానికీ 1450 రాసి, విప్పి, మళ్ళీ కట్టాడు. ఆ కబురును ఇకమీదట ఆపవద్దని ఫైర్‌వాల్ చూసేవారికి చీటీ రాశాడు.

తెల్లవారుజామున నాలుగింటికి విసుర్రాయి చప్పుడుతో పాట వచ్చింది. నడుమ అవ్వ పాట ఆపి, "హుష్, కోడీ" అని అదిలించి, మళ్ళీ అందుకుంది. మా ఆవిడ లేచివచ్చి గడపలో నిలబడి చివరిదాకా విన్నది.

ఆదివారం రాత్రి ఆ అమ్మాయి ఫోను చేసింది. "పాట వింటున్నంతసేపూ అమ్మ ఏడవలేదు సార్. కోడిని అదిలించినప్పుడు ఏడ్చింది" అన్నది.

సోమవారం కాలేజీకి వెళ్ళి నా సంతకం వున్న కాగితం అడిగి తీసుకున్నాను. "మాట చూశాను. పాట వినలేదు. పాతదాన్ని మరికొన్నాళ్ళు వుంచవలెను" అని కింద రాసి మళ్ళీ సంతకం పెట్టాను.

ఇదంతా భోజనాల దగ్గర మా ఆవిడకు గొప్పగా చెప్పాను. అంతా విని, "మనవాడు హైదరాబాదు హాస్టలు నుంచి రోజూ 'బాగున్నా' అని ఒక్క మాట పంపుతున్నాడు. చెయ్యి కడుక్కుని వాడికి ఫోను చేయండి" అన్నది.