32 మందిలో 31 మంది ఓడిపోయే ఆట

పిల్లల్ని టెన్నిస్ పోటీలకి పంపాలనుకునేవాళ్ళు ముందుగా ఒక చిన్న లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. డ్రాలో 32 మంది ఉంటే, మొదటి రౌండు అయ్యేసరికి 16 మంది బ్యాగు సర్దుకుని వెళ్ళిపోతారు. చివరికి కప్పు ఒక్కరిది, ఓటమి మిగతా 31 మందిది. కాబట్టి కప్పు కోసమే పంపితే, చాలా ఆదివారాలు ఇంట్లో ఏడుపులే మిగులుతాయి.

మా అమ్మాయి అండర్-14 ఆడుతోంది. మ్యాచ్ అయి రాగానే చుట్టాలూ, పక్క ఫ్లాట్ వాళ్ళూ అడిగే మొదటి మాట "గెలిచిందా?" అని. రెండోది "ఎండకి నల్లబడిపోతోంది కదండీ!" అని. వాళ్ళని ఆపలేం. కానీ తల్లిదండ్రులుగా మనం కూడా అదే అడిగితే, ఇక పిల్లకి ఓడిపోయి రావడానికి చోటెక్కడుంటుంది?

మా ఇంట్లో నియమం ఒకటే. మ్యాచ్ సంగతి తనంతట తను ఎత్తేదాకా మేం ఎత్తం. దారిలో "ఏం తింటావ్?" అని మాత్రం అడుగుతాం. బ్యాక్‌హ్యాండ్ ఎందుకు నెట్‌కి తగిలిందో చూసుకోవడానికి కోచ్ ఉన్నారు. సానియా మీర్జాకి వాళ్ళ నాన్నగారే కోచింగ్ ఇచ్చారు కదా అంటారు కొందరు. నిజమే, ఆయన ఆ పని పూర్తిగా భుజాన వేసుకున్నారు. కోచ్‌కి ఫీజు కట్టి, మళ్ళీ కారులో మనం ఇంకో కోచ్ అవతారం ఎత్తడం వేరు.

తొందర కూడా మనకే ఎక్కువ. పదేళ్ళలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. వాళ్ళకి మెల్లగా వచ్చే ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులున్నాయి. చేతికి, కంటికి ఆట అలవాటు కావాలని. మనమేమో "అసలు బంతితో ఎప్పుడాడిస్తారండీ?" అంటాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! సానియా ఆరేళ్ళకి రాకెట్ పట్టుకుంది. వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది 2003లో, పదహారేళ్ళ వయసులో. అంతటి ఆటగత్తెకే మధ్యలో పదేళ్ళు పట్టింది.

డబ్బు సంగతి దాచుకోనక్కర్లేదు. రాకెట్, తీగలు, బూట్లు, రైలు టిక్కెట్లు, లాడ్జి అన్నీ ఖర్చే. ఏడాదికి ఎంత పెట్టగలమో భార్యాభర్తలు ముందే అనుకుని, ఆ మాట పిల్లకి ఏడాది మొదట్లోనే నెమ్మదిగా చెప్పాలి. అంతేగానీ ఓడిపోయి వచ్చిన సాయంత్రం "ఇంత పోశాం" అనకూడదు. ఆ మాట పడ్డ పిల్ల తర్వాతి మ్యాచ్‌లో బంతిని కాదు, బాకీని కొడుతుంది.

అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. చిన్న టోర్నమెంట్లలో ప్రతి కోర్టుకీ అంపైర్ ఉండరు. తన వైపు పడ్డ బంతి లోపలా, బయటా అన్నది పిల్లే చెప్పాలి. గీతని కొంచెం తాకినా లోపలే. అనుమానముంటే పాయింటు ఎదుటివాళ్ళకే. ఇదీ నియమం. 4-5 మీద, 30-40 దగ్గర, ఎవరికీ సరిగ్గా కనబడని బంతిని చూసి "ఇన్" అని తన నోటితో తనే చెప్పి మ్యాచ్ వదులుకోవడం పన్నెండేళ్ళ పిల్లకి ఎంత కష్టమో ఆలోచించండి. అది నేర్పేది కోచ్ కాదు, ఇల్లే. కంచె అవతల నిలబడి వేలు పైకెత్తి "అవుట్" అని సైగలు చేసే అమ్మానాన్నల్ని చూస్తుంటే, వీళ్ళు పిల్లకి ఒక పాయింటు ఇప్పించి ఏం పోగొడుతున్నారో గ్రహిస్తున్నారా అనిపిస్తుంది.

మరి మనం చేయాల్సిందేమీ లేదా అంటే బోలెడుంది. వేళకి నిద్రపుచ్చడం, మ్యాచ్‌కి రెండు గంటల ముందే తేలికగా తినిపించడం, ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపళ్ళు సర్దడం. తీగ తెగితే రెండో రాకెట్ ఉందో లేదో మాత్రం తననే చూసుకోనివ్వండి. బ్యాగు కూడా తననే మోయనివ్వండి.

ఈ పిల్లల్లో చాలామంది పెద్ద ఆటగాళ్ళు కారు. ఇంజనీర్లో, టీచర్లో, ఇంకేదో అవుతారు. ఎవరూ చూడనప్పుడు నిజం చెప్పడం, ఓడిన మర్నాడు పొద్దున్నే లేచి ప్రాక్టీసుకి వెళ్ళడం మాత్రం ఎక్కడున్నా పనికొస్తాయి. నేను ఈ ఆట మీద పెట్టే ఖర్చు వాటికోసమే.