తోడడం నేర్చాం... కొలవడం నేర్వలేదు!

"బోరేస్తే నీళ్లు పడతాయా, పడవా?" - మన రైతులు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఇది. పడిన నీళ్లు ఎన్నాళ్లు వస్తాయి, అందులో పక్క రైతు వాటా ఎంత అని మాత్రం ఎవరూ అడగరు. రైతు సోదరులారా! తిరుపతి మొదలు కుప్పం దాకా మన సేద్యం ఇవాళ ఈ అడగని ప్రశ్న దగ్గరే ఆగివుంది.

సైన్సు మనకు మేలు చేయలేదని ఎవరూ అనలేరు. కపిల తోలి, ఏతం తొక్కి నీళ్లు పారించిన రోజుల్లో ఎద్దుల మెడలు, మనుషుల నడుములు ఎట్లా పోయేవో పెద్దవాళ్లకు తెలుసు. కరెంటు మోటారు ఆ చాకిరీ తీసేసింది. బోరు వచ్చాకే మెట్టభూముల్లో టమాటా, మల్బరీ, చెరుకు విస్తరించాయి. పొద్దున్నే కేంద్రంలో పోసే పాల వెనక వున్న పచ్చగడ్డి కూడా చాలా చోట్ల బోరు నీళ్లతో పెరిగిందే. కనుక తప్పు యంత్రానిది కాదు. యంత్రంతో పాటు రావలసిన తెలివిడి మన ఊళ్లలోకి రాలేదు. చిక్కంతా అక్కడే వుంది.

ఊరి చెరువు, ఎవరి బోరు వాళ్లది

చెరువు నీళ్లు ఒకరివి కావు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ కయ్యకు ఎంత తడి పెట్టాలి అన్నది నీరుగంటి చూసేవాడు. నీళ్లు తక్కువ వచ్చిన ఏడు ఆయకట్టులో కొంత భాగమే నాటేవాళ్లు. కాలవ పూడిక తీయడానికి, కట్ట మీద మన్ను వేయడానికి ఇంటికొక మనిషి కదిలేవాడు. ఆ ఏర్పాటులో అన్యాయం లేదని కాదు. ఆయకట్టులో భూమి లేని పేదలకు, దళితులకు ఆ నీళ్లలో దక్కింది అంతంత మాత్రమే. మెట్టరైతుకు బోరు నిజంగానే స్వేచ్ఛ ఇచ్చింది.

అయితే ఆ స్వేచ్ఛతో పాటు ఊరి ఉమ్మడితనం కూడా పోయింది. కాలవ పనికి రమ్మంటే "నాకు బోరుంది కదా, నాకెందుకు?" అన్న మాట పుట్టింది. ఎప్పుడో ఒకసారి నిండే చెరువును మిగతా రోజుల్లో మరిచిపోతే నిండిన రోజు భయం తప్పదు. 2021 నవంబరు వానలకు రామచంద్రాపురం మండలం రాయలచెరువు కట్టకు లీకేజీ పడి, దిగువ ఊళ్ల జనాన్ని ఖాళీ చేయించవలసి వచ్చిన సంగతి మనం మరిచిపోలేదు.

బండ కింద నిధి లేదు

మన నేల కింద వున్నది ఎక్కువగా గట్టి గ్రానైటు బండ. వాననీళ్లు నిలిచేది పైన మెత్తబడిన పొరలో, దాని కింద బండ పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు తగ్గుతాయే గాని పెరగవు. పాతాళ గంగ అన్నది మాట వరసకే. పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసివుంటాయి కనుక, మీ బోరులో పడ్డ నీళ్లు పక్క చేని కింద నుంచి వచ్చినవి కావచ్చు. పక్కవాడు లోతుగా వేస్తే మీది ఎండుతుంది. మీరు ఇంకా లోతుకు పోతే అతనిది ఎండుతుంది. 300 అడుగులతో మొదలైన పందెం వెయ్యి అడుగులు దాటిన పల్లెలు మన పడమటి మండలాల్లో వున్నాయి. తమిళనాడులోని తిరుచెంగోడు బోరుబండి ఊళ్లోకి వచ్చిందంటే ఎవరి ఇంట్లోనో బంగారం కుదువకు పోయినట్లే. ఈ పందెంలో గెలిచేది నీళ్లున్నవాడు కాదు, అప్పు పుట్టినవాడు.

తర్వాత వచ్చిన వసతులు కూడా ఈ పందేన్ని ఆపలేదు. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. రైతుకు అది పెద్ద ఊరటే. కాని కరెంటు రాగానే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారిగా పైకి లేస్తే ఓల్టేజి పడిపోయి మోటార్లు కాలుతున్నాయి. ఇప్పుడు సెల్‌ఫోనుతో మోటారు వేసే స్టార్టర్లు కూడా వచ్చాయి. రాత్రిపూట పాము భయం, షాకు భయం తప్పినందుకు సంతోషమే. అయితే చేను ముఖం చూడకుండా మోటారు వేస్తే తడి చాలిందో లేదో చెప్పేదెవరు?

డ్రిప్పు సంగతీ అంతే. 2003లో సూక్ష్మ సేద్యం పథకం మొదలైనాక సబ్సిడీ మీద వేలాది ఎకరాలకు డ్రిప్పు వచ్చింది. ఎకరాకు నీళ్లు ఆదా అవుతాయి, నిజమే. మిగిలిన నీళ్లతో మరో రెండెకరాలు టమాటా పెడితే భూమిలో మిగిలేదేమిటి? ఆదా చేతికి రావాలంటే లెక్క కావాలి.

డ్రమ్ము, గడియారం చాలు

ఈ లెక్కకు పెద్ద చదువులు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము బోరు కింద పెట్టి, ఎన్ని సెకండ్లలో నిండుతుందో చూడండి. 100 సెకండ్లు పడితే మీ బోరు గంటకు 7,200 లీటర్లు పోస్తున్నట్లు. రోజుకు 7 గంటలు ఆడితే 50 వేల లీటర్లు, 120 రోజులకు 60 లక్షల లీటర్లు. ఎకరం నేల మీద ఒక అంగుళం మందాన నీళ్లు నిలపాలంటే లక్ష లీటర్లు కావాలి. వరికి పంటకాలమంతా సుమారు 48 అంగుళాలు, చెనిక్కాయకు సుమారు 20 అంగుళాలు పడతాయి. వాన కలిసిరాకపోతే ఈ బోరు కింద వరి ఎకరంపావు, చెనిక్కాయ మూడెకరాలు పండుతాయి. ఎండాకాలంలో బోరు తగ్గుతుంది కనుక ఇంకొంచెం తగ్గించుకోవాలి.

ఒక్కో రైతు వేసే ఈ లెక్కను ఊరంతా కలిసి వేస్తే అదే నీటి బడ్జెట్. ఇది కొత్త ముచ్చట కాదు. రైతులే భూగర్భజలాలను చూసుకునే ఆంధ్రప్రదేశ్ ప్రాజెక్టు ఒకటి 2003 తర్వాత మన చిత్తూరు సహా 7 కరువు జిల్లాల్లో నడిచింది. రైతులు, ఆడవాళ్లతో సహా, ఊళ్లో వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచి గోడ మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఏ పంటకు ఎంత నీళ్లు అని లెక్క చూసుకున్నారు. ఫలానా పంట వేయవద్దని ఎవరూ బలవంతం చేయలేదు. ప్రాజెక్టు ముగిశాక చాలా చోట్ల ఆ కొలత కూడా ఆగిపోయింది. మహారాష్ట్రలోని హివరే బజార్‌లో మాత్రం నీటి లెక్క గ్రామసభ పని అయింది. సేద్యానికి బోర్లు వద్దని ఆ ఊరే కట్టుబాటు పెట్టుకుంది.

"నా భూమి, నా బోరు, నా ఇష్టం. ఒకరిని అడిగేదేంది?" అంటారు కొందరు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. చట్టం సంగతి అటుంచినా, మీ ఇష్టం పక్కవాడి చేను ఎండబెడుతున్నప్పుడు అది మీ ఒక్కరి ఇష్టం ఎట్లా అవుతుంది? "హంద్రీ-నీవా నీళ్లొస్తే అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్లూ వున్నారు. 2025లో కృష్ణా నీళ్లు కుప్పం దాకా చేరడం సంతోషించవలసిన విషయమే. ఆ నీళ్లు చెరువులు నింపినా, లెక్క లేకుండా తోడే ఊళ్లో అవి ఎన్నాళ్లు నిలుస్తాయి?

కార్తీక మాసం వానలు వెనుకబట్టగానే, వేసవి పంటకు విత్తనం కొనకముందే, ప్రతి ఊళ్లో ఒక రోజు కూర్చోవాలి. వ్యవసాయ, భూగర్భజల శాఖల అధికారులను పిలవండి. రాకపోయినా డ్రమ్ము, గడియారం మీ దగ్గరే వున్నాయి. చిన్న రైతు మాట, బోరు లేని రైతు మాట ముందు వినండి. కొత్త బోరుకు అప్పు చేసే ముందు, వున్న బోరు ఎంత పోస్తున్నదో కొలవండి.