డబ్బాలో రాని ఆటలు

ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఒకటే ప్రకటన నా వెంట పడుతోంది. ‘సెన్సరీ ప్లే కిట్’. డబ్బాలో రంగులేసిన బియ్యం, నాలుగు ప్లాస్టిక్ గరిటెలు, రెండు చెంచాలు, నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు గుండ్లు. సీజన్‌కొక డబ్బా అట. వానాకాలం డబ్బాలో నీలం రంగు ఇసుక కూడా ఉంది! మా లింగాల ఘనపూర్‌లో వానాకాలమంటే వాకిట్లకే వస్తది కదా, దాన్ని డబ్బాలో తెప్పించుకునుడు ఎందుకో నాకు సమజ్ కాలేదు.

నాకు రెండేళ్లు నిండబోతున్న కొడుకున్నాడు. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మీటింగ్ నడుస్తుంటే వాడి చేతికి ఫోన్ ఇచ్చుడు సులువు. కానీ ఈ వయసులో పిల్లలు చేత్తో, నోటితో, ముక్కుతోనే లోకాన్ని చదువుకుంటరు. పిసుకుడు, చింపుడు, ఒక గిన్నెలకెళ్లి ఇంకో గిన్నెలకు ఒంపుడు వాళ్లకు పెద్ద పని. రేపు బువ్వ కలుపుకుని తినాలన్నా, గుండీ పెట్టుకోవాలన్నా, పలక మీద బలపం పట్టాలన్నా ఆ వేళ్లే కావాలి. ఆరేళ్లలోపే మెదడు ఎదుగుదల 85 శాతానికి పైగా అయిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాసి ఉంది.

ఆటలకు మా దగ్గర రాజు బతుకమ్మ కాలమే. గునుగు పువ్వును పిల్లల చెంపకు రాసి చూడండి. మెత్తగా, పొడిగా, కుచ్చులాగా ఉంటది. అదే చేత్తో గుమ్మడాకు పట్టిస్తే గరుకు. తడి బంతిపువ్వు నలిపితే ఘాటు వాసన. తాంబాళంలో పూలు పేరుస్తున్నప్పుడు ‘ముట్టకు’ అని పిల్లలను పక్కకు నెట్టుడే మనకు అలవాటు. వాళ్లకు వేరే పళ్లెంలో తుంచిన కాడలు, రాలిన రెక్కలు వేసి పక్కనే కూర్చోబెట్టండి, అరగంట అలుగరు. బజారు బంతిపూలను మాత్రం రెండు నీళ్లు పోసి కడగాలి. చెల్క గట్టున పూసిన తంగేడుకైతే ఎవరూ మందు కొట్టరు. గన్నేరు పువ్వును, ఆకును ఆ పళ్లెం దగ్గరికి కూడా రానియ్యొద్దు. అది విషం.

వానాకాలం ఆట మట్టి. మిరుగం చినుకులు పడ్డాక చెల్క మట్టిని ముద్ద చేసి చేతికిస్తే అదే రొట్టె, అదే బండి, అదే ఎద్దు. ఇక్కడే మా ఇంట్ల పంచాయితీ. “మట్టి తింటడు బిడ్డా, కడుపుల పురుగులు పడ్తయి” అంటది మా అత్తమ్మ. ఆమె భయం ఉత్తది కాదు. మట్టిలో నులిపురుగుల గుడ్లుంటాయి. మనుషులు, పశువులు మలమూత్రాలు విడిచే చోట మట్టి అసలే వద్దు. గోడ కట్టడానికి తెచ్చిన కుప్ప ఇసుక కూడా వద్దు, దాని మీద రాత్రి కుక్కలు, పిల్లులు పండుకుంటాయి. శుభ్రమైన చోట, లోతు నుంచి తవ్విన మట్టిని ఎండలో ఆరబెట్టి, జల్లెడ పట్టి వాడితే మేలు. ఆట అయ్యాక సబ్బుతో చేతులు, గోళ్ల సందులు కడగాలి. ఏడాది నిండిన పిల్లలకు ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ ఇస్తారు. రెండేళ్లలోపు వాళ్లకు సగం బిళ్ల, పొడి చేసి. అది తప్పించొద్దు.

ఇంకో మాట. ఆడుతూ ఒకసారి నోట్లో పెట్టుకోవడం వేరు, రోజూ గోడ గీకి, సుద్ద గీకి తినడం వేరు. రెండోది రక్తం తక్కువైందన్న గుర్తు కావచ్చు. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 70 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అలాంటి పిల్లలను కొట్టి మాన్పించే బదులు దవాఖానకు తీస్కపోయి రక్తపరీక్ష చేయించాలి.

చలికాలం ఆట పత్తి. చేనులోంచి తెచ్చిన పత్తిని నేరుగా ఇవ్వను, ఎన్ని సార్లు మందు కొట్టారో మనకే ఎరుక. వత్తుల కోసం గింజ తీసిన శుభ్రమైన దూది చాలు. మా అమ్మ వత్తులు చేస్తుంటే వాడు పక్కన దూది పీకి పీకి మబ్బులు చేస్తాడు. సంక్రాంతికి ముగ్గు ఆట ఆడిస్తారా? కొట్లో దొరికే ముగ్గు రాతిపొడి, కండ్లల్ల పడితే మంట. బియ్యప్పిండి వాడండి. కాముని పున్నమికి మోదుగుపూలు ఉడకబెడితే నారింజ రంగు నీళ్లొస్తాయి, పాత బట్ట ముంచి పిండించండి. ఎండాకాలం ముంజలు తిన్నాక మిగిలిన కాయలతో మన తాతలు చేసిన బండి ఉండనే ఉంది. ముంజ మాత్రం చిన్న పిల్లలకు నలిపే పెట్టాలి, గుండుగా పెడితే గొంతులో జారుతుంది.

గొంతు సంగతే అసలు భయం. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో వేసి పరీక్షిస్తారు. అందులో పూర్తిగా పట్టిన వస్తువు పిల్లల చేతికి పనికిరాదు. మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, అంటే అంతకంటే చిన్నవన్నీ ప్రమాదమే. చింతగింజ, పల్లిగింజ, సీతాఫలం గింజ, రేగిగింజ, శనగలు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. గురిగింజ, ఆముదం గింజ అయితే మింగకుండా నమిలినా విషమే. ఇక డబ్బాలో వచ్చే ఆ ఉబ్బే గుండ్లు కడుపులోకి పోతే పేగులో ఉబ్బి అడ్డం పడతాయి. 2023 డిసెంబరులో అమెరికాలో అమెజాన్, వాల్‌మార్ట్ లాంటి సంస్థలు పిల్లల ఆట కోసం వాటిని అమ్మడం ఆపేశాయి. మనకు ప్రకటనలు మాత్రం ఇంకా వస్తున్నాయి. నీళ్ల ఆటకైతే బేసిన్‌లో రెండంగుళాల నీళ్లున్నా పక్కనుంచి లేవకూడదు. ఫోన్ మోగినా సరే.

నాకు పట్టే అవస్థ వేరే ఉంది. ఇదంతా రాస్తున్న నాకు ఇంట్లో అత్తమ్మ తోడుంది, నెల జీతముంది. పత్తి ఏరడానికి పొద్దున్నే పోయే తల్లి పిల్లను చేను గట్టు మీద చీర ఉయ్యాలలో వేస్తది, లేదంటే ముసలమ్మకు అప్పజెప్తది. అంగన్‌వాడీలో బడి ఆటలు మూడేళ్లు నిండినంకనే. మూడేళ్లలోపు పిల్లల కోసం కేంద్రం 2024లో ‘నవచేతన’ అని 36 నెలల క్యాలెండర్, 140 ఆటలు తయారు చేసింది. ఎవరి చేతిలో ఆ కాగితం పెట్టాలన్నదే ప్రశ్న. నన్నడిగితే ఇంట్లో ఉన్న ముసలమ్మ చేతిలో. ఆమె పిల్లకు మక్కబూరు జడేసి చూపిస్తది, చింతచిగురు దూస్తూ నాలుగాకులు నోట్లో పెట్టి పులుపు చూపిస్తది. ‘నువ్వు చేస్తున్నదే పిల్లకు చదువు, గింజలొక్కటి దూరం పెట్టు’ అని చెప్పేటోళ్లు కావాలి అంతే. నెలకోసారి టీకాల రోజు వాళ్లంతా వస్తరు కదా, ఆ వరుసలోనే చెప్పొచ్చు.

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉన్న నా దోస్తులు అడుగుతారు, మాకు చెల్క ఏదని. గోధుమపిండి ముద్ద, తడి తువాలు, కొత్తిమీర కట్ట, చల్లటి స్టీలు గిన్నె చాలవా? కూర తరిగేటప్పుడు బీరకాయ తొక్క చేతికివ్వండి.

వచ్చే అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ. పూలకు పోయినప్పుడు గునుగు ఒక కట్ట ఎక్కువ కోసి పక్కకు పెట్టుండ్రి, పోరగాళ్ల పళ్లెం కోసం.