లీకు ఎప్పుడు మొదలైంది? కంప్యూటరు చెప్పిన తేదీ చాలదు

"ఎప్పటి నుంచి?" రోగిని వైద్యుడు అడిగే తొలి ప్రశ్నలలో ఇదొకటి. భూమిలో పాతిన పెట్రోలు ట్యాంకు కారి బావి నీటిలో కలిసినప్పుడు కూడా అదే ప్రశ్న ముందుకు వస్తుంది. ఆ నీటిని ఆరు నెలలు వాడిన కుటుంబానికీ, పదిహేనేళ్లు వాడిన కుటుంబానికీ ముప్పు ఒకటి కాదు. పెట్రోలులోని బెంజీన్ రక్త క్యాన్సరుకు కారణమని రుజువైన పదార్థం. తాగునీటిలో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. (కాచి తాగమని సలహా ఇచ్చేవారికి ఒక మాట: కాచితే బెంజీన్ ఆవిరై వంటింటి గాలిలో చేరుతుంది. ఆ నీటిని వాడటం మానివేయడమే మార్గం.)

కారడం మొదలైన కాలాన్ని భూగర్భజల నమూనాలతో లెక్కకట్టవచ్చునంటారు. నా అభ్యంతరం ఆ శాస్త్రం మీద కాదు, దానిని జోస్యంలా వాడటం మీద.

ఈ లెక్కలకు పునాది 1856లో ఫ్రెంచి ఇంజనీరు డార్సీ ఇసుకలో నీటి ప్రవాహానికి కట్టిన సూత్రం. బంకుకు 200 మీటర్ల దూరంలో బావి ఉన్నదనుకుందాం. నీరు ఏటా 70 మీటర్లు కదిలితే కాలుష్యం బయలుదేరి సుమారు మూడేళ్లు. 7 మీటర్లే కదిలితే దాదాపు ముప్పై ఏళ్లు. నేలను బట్టి పది రెట్ల తేడా వింత కాదు. ఇసుక సంగతే ఇలా ఉంటే, మన తిరుమలగిరిది గ్రానైటు నేల. ఇక్కడ నీరు రాతి పగుళ్ల వెంట నడుస్తుంది. పగులు కలిస్తే నెలల్లో చేరుతుంది, కలవకపోతే పక్క బోరుకు సైతం చేరదు. వేసవిలో పది బోర్లు ఒక్కసారి నడిస్తే ప్రవాహపు దిక్కే మారవచ్చు. బెంజీన్ కూడా నీటితో సమంగా నడవదు. కొంత మట్టిని పట్టుకుంటుంది, కొంత సూక్ష్మజీవుల పాలవుతుంది. ఇన్ని ఊహల మీద ఫలానా ఏడు, ఫలానా నెల అని ఒకే తేదీ అచ్చువేయడం శాస్త్రాన్ని అవమానించడమే.

మరి నమూనాలు పనికిరావా? వస్తాయి. అమెరికాలోని క్యాంప్ లెజూన్ సైనిక స్థావరంలో తాగునీటిలో డ్రైక్లీనింగ్ ద్రావకం, ఇంధన ట్యాంకుల నుంచి బెంజీన్ కలిశాయి. అక్కడి ప్రభుత్వ సంస్థ దశాబ్దాల వెనక్కి లెక్కవేసి, ఒక నివాస ప్రాంతపు నీటిలో ద్రావకం 1957 నవంబరులో హద్దు దాటినట్లు అంచనా కట్టింది. 1953 ఆగస్టు, 1987 డిసెంబరుల మధ్య కనీసం 30 రోజులు అక్కడ గడిపినవారికి 2022లో చట్టం దావా హక్కునిచ్చింది. అయితే ఆ లెక్కకు ఆధారంగా బావుల వివరాలు, 1980లనాటి నీటి పరీక్షల ఫలితాలు ఉన్నాయి. మన దగ్గర ఏమున్నాయి? 2013లో చెన్నై తండయార్‌పేటలో బోరు నీటిలో ఇంధనం వచ్చినప్పుడు సంగతిని ముందుగా పట్టినది యంత్రం కాదు, నీళ్లు తోడుకున్న జనం ముక్కు.

"తేదీ తేలలేదు కనుక బాధ్యత తేలదు" అనే వాదన అన్నిటికంటే అన్యాయమైనది. అనిశ్చితి భారం బావి యజమాని మీద ఎందుకు పడాలి? ట్యాంకు పాతిన తేదీ బంకు కాగితాలలో ఉంటుంది. అది ఒక హద్దు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. నేలలో చిక్కిన పెట్రోలులో ఆ సీసపు రసాయనం కనిపిస్తే, కొంతైనా అంతకుముందే కారినట్లు. ప్రతి దినం డిప్ రాడ్‌తో కొలిచి రాసే పుస్తకం మరొక సాక్షి. రోజుకు 5,000 లీటర్లు అమ్మే చోట వెయ్యికి ఒక లీటరు తేడాను ఆవిరి కింద రాసుకుంటే, అది నిజానికి లీకైన పక్షంలో ఏడాదికి 1,825 లీటర్లు భూమిలోకి పోయినట్లే. ఆ పుస్తకాలను పారవేసిన యజమానికి అనుమానపు లాభం దక్కరాదు. నమూనా లెక్కలో వచ్చే కాలపరిధిలో అతి పాత సంవత్సరాన్నే బాధితుల వైద్య పరీక్షలకు ప్రమాణంగా తీసుకోవాలి.

సూర్యాపేట–జనగామ రహదారి మీద మన ఊరి దగ్గర ఇకముందు ఏ బంకుకు అనుమతి ఇచ్చినా, ట్యాంకు పాతకముందే చుట్టుపక్కల బోర్ల నీటిని బెంజీన్ కోసం పరీక్షించి, ఆ కాగితాన్ని తిరుమలగిరి మున్సిపాలిటీ కార్యాలయంలో ఎవరైనా చూడగలిగేలా ఉంచాలి. ఆ ఖర్చు బంకు పెట్టేవారిదే.