సూర్యుడి దూరం కోసం

సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని ఇవాళ బడిపిల్లలూ చెప్పేస్తారు. ఆ అంకె కోసం పడ్డ పాట్లే ఈ సంచిక.

శుక్రుడు సూర్యబింబాన్ని దాటే సమయాన్ని భూమ్మీద వేర్వేరు చోట్ల నుంచి లెక్కగడితే దూరం తేలుతుందని 1716లో ఖగోళవేత్త హేలీ చెప్పాడు. అది నమ్మి ఫ్రాన్స్ నుంచి పుదుచ్చేరికి బయల్దేరాడు ఖగోళవేత్త లె జాంతీ. 1761లో ఊరు ఇంగ్లిషువాళ్ల పాలైంది. అక్కడ దిగే వీల్లేకపోయింది; ఊగే ఓడ మీద కొలత కుదరలేదు. శుక్రుడు మళ్లీ సూర్యుణ్ని దాటేదాకా ఎనిమిదేళ్లు ఆగాడు. 1769 జూన్‌లో, పుదుచ్చేరిలోనే, సరిగ్గా ఆ పొద్దున్నే మబ్బు పట్టింది! పాపం, ఇల్లు చేరేసరికి పోయాడనుకుని వారసులు ఆస్తి పంపకాల్లో ఉన్నారు.

1874 డిసెంబర్ 9న అదే దృశ్యాన్ని విశాఖపట్నంలో, మామగారు గొడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాల నుంచి పరిశీలించారు అంకితం వెంకట నరసింగరావు. ఆయన మీది వ్యాసం ముందు చదవండి; లెక్కల వ్యాసం తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.