శాలువాతోపాటే పోయే బీమా

ఆఖరి పనిరోజు. పూలదండ, శాలువా, గ్రూపు ఫొటో, గ్రాట్యుటీ కాగితాలు... అన్నీ చేతికొస్తాయి. ఒక్కటి మాత్రం చడీచప్పుడు లేకుండా చేజారిపోతుంది. ఇన్నేళ్లూ కంపెనీ ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా. చాలా కంపెనీల్లో అది ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. ఆ సంగతి తెలిసేది ఏ ఆర్నెల్లకో, ఆసుపత్రి కౌంటర్లో పాత కార్డు ఇచ్చినప్పుడు.

కేంద్ర పెన్షనర్లకు సీజీహెచ్ఎస్, మాజీ సైనికులకు ఈసీహెచ్ఎస్ ఉన్నాయి. బెంగంతా ప్రైవేటు ఉద్యోగం చేసినవాళ్లదే. 'అబ్బాయి కంపెనీ పాలసీలో మా పేర్లున్నాయిగా' అని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. ఉంటే మంచిదే. మరి అబ్బాయి ఉద్యోగం మారితే? కొత్త కంపెనీ తల్లిదండ్రులకు బీమా ఇవ్వనంటే?

అప్పుడు కొత్త పాలసీ కోసం పరుగు మొదలవుతుంది. అరవై అయిదు దాటినవారికీ పాలసీలు ఉండాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిబంధనలు మార్చింది. అయితే అడిగిన ప్రతి ఒక్కరికీ ఇచ్చి తీరాలని కాదు. వైద్య పరీక్షలు అడగొచ్చు, ప్రీమియం పెంచొచ్చు, కుదరదనీ అనొచ్చు. ఇచ్చినా, అప్పటికే ఉన్న షుగరు, బీపీ, గుండె జబ్బుల వంటివాటికి మూడేళ్లదాకా క్లెయిము రాకుండా షరతు పెట్టొచ్చు. 2024కి ముందు ఇది నాలుగేళ్లు ఉండేది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. 57 ఏళ్లప్పుడు, కంపెనీ బీమా ఉండగానే, సొంత పాలసీ ఒకటి తీసుకున్నారనుకోండి. రిటైరయ్యే రోజుకి ఆ మూడేళ్లూ గడిచిపోతాయి. రెండు పాలసీలెందుకు దండగ అనుకుని 60 దాకా ఆగినవారు, బీమా అవసరమయ్యే వయసులో ఆ మూడేళ్లూ బిక్కుబిక్కుమంటూ గడపాలి. ఆలస్యమైనవారికీ ఒక దారుంది. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది. గ్రూపులో గడిచిన కాలం, పాత బీమా మొత్తం మేరకు, నిరీక్షణలో కలిసొస్తుంది. రిటైర్మెంటుకి కనీసం రెండు నెలల ముందే ఆఫీసులో హెచ్ఆర్ వాళ్లను అడిగి కదలాలి.

పెన్షన్ లేని ఇంట్లో పాతిక లక్షల పాలసీకి ప్రీమియం కట్టడం తేలిక కాదు. అందుకే చిన్న పాలసీ ఒకటి, దానిపైన సూపర్ టాపప్ ఒకటి. అయిదు లక్షల మామూలు పాలసీ, అయిదు లక్షలు దాటాక ఆదుకునే ఇరవై లక్షల సూపర్ టాపప్ ఉన్నాయనుకుందాం. ఒకే ఏడాదిలో గుండెకి నాలుగు లక్షలు, మోకాలికి మూడు లక్షలు అయ్యాయి. మొదటి అయిదూ మామూలు పాలసీ భరిస్తే, మిగతా రెండూ సూపర్ టాపప్ ఇస్తుంది. ఉత్త టాపప్ తీసుకుంటే? పైసా రాదు. ఒక్కో బిల్లూ విడిగా అయిదు లక్షలు దాటాలంటుందది. పేరులో ఒక్క మాట తేడా, బిల్లులో రెండు లక్షలు!

పత్రంలో రెండు మాటలు వెతికి చూసుకోవాలి. ఒకటి కో-పే. 20 శాతమని ఉంటే, నాలుగు లక్షల బిల్లులో ఎనభై వేలు మన జేబులోంచే. రెండోది గది అద్దె పరిమితి. రోజుకి అయిదు వేలని రాసుంటే, పది వేల గదిలో చేరామా, కోత గది అద్దెతో ఆగకపోవచ్చు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చుల్లోనూ సగం కోసే షరతుంటుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చుకి మాత్రం ఈ లెక్క వర్తించదు.

'షుగరున్నట్టు రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది' అనే ఏజెంటుకి నమస్కారం పెట్టి పంపేయడం మేలు. క్లెయిము రోజున ఆయన ఫోనెత్తడు. దాచిన జబ్బు బయటపడితే మొత్తం పాలసీకే ఎసరు.

డెబ్బై నిండినవారికి మరో ఆసరా ఉంది. 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్‌లో ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏడాదికి అయిదు లక్షల దాకా వైద్యం. భార్యాభర్తలిద్దరూ అర్హులైతే ఆ అయిదూ ఇద్దరికీ కలిపే. ప్రైవేటు పాలసీ ఉన్నా కార్డు తీసుకోవచ్చు. పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది కాబట్టి, ఊళ్లో ఏవేవి ఉన్నాయో ముందే కనుక్కోవాలి. కార్డుంది కదా అని ఉన్న పాలసీ మానేస్తే మాత్రం తొందరపాటే.

వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. కొత్త పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోగా వెనక్కిచ్చేయొచ్చు. వైద్య పరీక్షల ఖర్చులాంటివి పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. అంటే నాలుగు ఆదివారాలు చేతిలో ఉన్నట్టే. ఒకదాన్ని కళ్లజోడు పెట్టుకుని ఆ సన్న అక్షరాలు చదవడానికి కేటాయించాలి. పక్కన ఇంటావిడనీ కూర్చోబెట్టుకోవాలి. ఆసుపత్రి మంచం మీద ఆయనుంటే, కాగితాలు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడాల్సింది ఆవిడే.